మీకు తెలుసా? నిలబడ్డ కారులోనూ వీల్ బేరింగ్ పాడవుతుంది

హైదరాబాద్ నుంచి విజయవాడకు ఒక్కసారి వెళ్తే ఇంటి కారు చక్రం ఒక్కొక్కటీ సుమారు లక్షా నలభై వేల సార్లు తిరుగుతుంది. టైరు చుట్టుకొలత రెండు మీటర్లకు కాస్త తక్కువ, దూరం దాదాపు 275 కిలోమీటర్లు. లెక్క మీరే వేసి చూసుకోవచ్చు. అన్నిసార్లు తిరుగుతూనే, కారు బరువులో తన వాటా మోస్తూ, చక్రాన్ని ఊగనివ్వకుండా పట్టి ఉంచేది హబ్‌లోని బేరింగ్. అరచేతిలో పట్టేంత వస్తువు. బయట ఒక రింగు, లోపల ఒక రింగు, మధ్యలో రెండు వరసల ఉక్కు గోళీలు, కొంచెం గ్రీజు, రెండు పక్కలా సీళ్లు. బండి ఇరుసుకు గోళీలు పెట్టే ఆలోచన మీద వేల్స్ దేశంలోని కార్మార్థెన్‌కు చెందిన ఫిలిప్ వాన్ 1794లోనే పేటెంట్ తీసుకున్నాడు.

అమెరికాలో ఒకప్పుడు కొత్త కార్లను రైల్లో దూరప్రాంతాలకు పంపితే, కొన్నవాళ్లు నడపకముందే వాటి వీల్ బేరింగ్‌లు దెబ్బతిని ఉండేవి. ప్రయాణం ఎంత దూరమైతే నష్టం అంత ఎక్కువ. జనరల్ మోటార్స్ ఇంజనీరు ఆల్మెన్ 1937లో దీని గురించి రాశాడు. చక్రం తిరుగుతుంటే గోళీలకు గ్రీజు మళ్లీ మళ్లీ అంటుతూ ఉంటుంది. తిరగకుండా రైలు అదురుకు ఉన్నచోటే సన్నగా కదులుతుంటే గోళీ కింది గ్రీజు పక్కకు తప్పుకుంటుంది. ఉక్కును ఉక్కు రాసుకుని, గోళీకొక గుంట చొప్పున రింగు గాడి అరిగిపోతుంది.

మన రోడ్ల మీద జరిగేది వేరు. స్వీడన్ ఇంజనీరు బ్రినెల్ 1900లో గట్టి ఉక్కు గోళీని లోహంలోకి నొక్కి, పడిన సొట్టను బట్టి ఆ లోహం గట్టిదనాన్ని కొలిచే పద్ధతి చూపించాడు. గోతిలో చక్రం ధన్‌మని పడ్డప్పుడు మన హబ్‌లో అచ్చంగా ఆ పరీక్షే జరుగుతుంది. సొట్ట కంటికి ఆనకపోవచ్చు. కానీ గోళీ దాని మీదుగా వెళ్లిన ప్రతిసారీ అదురుతుంది. అదే కారు లోపలికి గుయ్‌మనే మోతగా వినిపిస్తుంది.

ఆ మోత వేగంతో పాటు పెరుగుతుంది, ఇంజను వేగంతో దానికి సంబంధం ఉండదు. రోడ్డు మారగానే మోత తీరు మారితే అనుమానించాల్సింది టైరును. స్టీరింగు కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమ బేరింగ్‌ను చూడాలి, ఎందుకంటే బరువు అటు ఒరుగుతుంది. జాకీతో లేపి, స్టాండు పెట్టి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చెయ్యి కాయిల్ స్ప్రింగు మీద ఆనించండి. పాడైన బేరింగ్ అయితే గరగర వేళ్లకు తెలిసిపోతుంది. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపినా, పక్కలు పట్టి ఊపినా ప్లే (వదులు) ఉంటే చాలాసార్లు బేరింగే. పక్కలకు మాత్రమే ఉంటే ముందు స్టీరింగు టై రాడ్ చూడాలి.

ఇక మార్చడం. కొన్ని మోడళ్లలో హబ్, బేరింగ్ కలిసి ఒకే యూనిట్‌గా వస్తాయి. బోల్టులు విప్పి మార్చేస్తే పని అయిపోతుంది. చాలా చిన్న కార్ల ముందు చక్రాలకు మాత్రం బేరింగ్‌ను, హబ్‌ను పట్టి ఉంచే నకిల్‌లోకి ప్రెస్ చేసి బిగించి ఉంటారు. నైపుణ్యమంతా ఇక్కడే కావాలి. నకిల్‌లోకి ఎక్కించేటప్పుడు ప్రెస్ బలం బయటి రింగు మీదే పడాలి. తర్వాత హబ్‌ను దింపేటప్పుడు కింద ఆసరా లోపలి రింగుకు ఉండాలి. ఇది తారుమారైతే టన్నుల బలం గోళీల మీదుగా పోయి, కొత్త బేరింగ్‌కు షెడ్డులోనే సొట్టలు పడతాయి. సుత్తితో కొట్టి ఎక్కిస్తే ఇంకా ఘోరం. మార్చిన కొన్నాళ్లకే మళ్లీ మోత మొదలైతే, బేరింగ్ కంపెనీని తిట్టేముందు దాన్ని ఎలా ఎక్కించారో అడగండి.

పాత హబ్‌ను బయటికి నెట్టినప్పుడు రెండు ముక్కలుగా ఉండే లోపలి రింగులో ఒక ముక్క హబ్‌ను పట్టుకునే వచ్చేస్తుంది. మెకానిక్ గ్రైండరుతో దాని మీద ఒక గాటు పెట్టి, ఉలి ఆనించి కొడతాడు. రింగు టక్కున చీలి ఊడిపోతుంది. సరిగ్గా అప్పుడే హబ్ ఒంటిని తుడిచి, వేలితో తడిమి చూడాలి. గ్రైండరు గాటు హబ్‌లోకి దిగినా, రింగు జారి తిరగడంతో లోహం నీలంగా మారి గీతలు పడినా హబ్‌ను కూడా మార్చేయాలి. అరిగిన హబ్ మీద కొత్త బేరింగ్ నిలవదు.

ఏబీఎస్ ఉన్న చాలా కార్లలో బేరింగ్ సీలులోనే ఒక పక్క అయస్కాంత రింగు ఉంటుంది. అది తనను చదివే సెన్సరు వైపుకే రావాలి. తిరగేసి ఎక్కిస్తే డాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది, పనంతా మళ్లీ మొదటికొస్తుంది.

నీళ్ల వల్లా బేరింగ్ పాడవుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడలో వాహనాలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. సీలు చిందే నీటిని ఆపుతుంది గానీ మునకను కాదు. పైగా వేడిమీదున్న బేరింగ్ చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుని నీటిని లోపలికి లాగుతుంది. తుప్పు మోత కొన్ని వారాలకు గానీ బయటపడదు.

బేరింగ్ మార్చే పనిలో యాక్సిల్ నట్ సంగతి కూడా చెప్పాలి. చాలా కార్లలో అది ఒకసారి వాడి పారేయాల్సిందే. బిగింపు ఎంతో కారు మాన్యువల్‌లో ఉంటుంది, టార్క్ రెంచితో అంతే బిగించాలి. అది పూర్తయ్యే దాకా బండిని నేల మీదికి దించవద్దు. లోపలి రింగు రెండు ముక్కలనూ దగ్గరగా నొక్కి పట్టేది ఆ నట్టే.