ధర ఎందుకు తగ్గింది?

అమెరికా కోటీశ్వరుడు వారెన్ బఫెట్ కార్లు ఎలా కొంటారో ఆయన కూతురు సూసీ ఒక బీబీసీ డాక్యుమెంటరీలో చెప్పారు. వడగళ్లవానకు సొట్టలు పడి, బాగుచేసి, తక్కువ ధరకు అమ్మకానికి పెట్టిన కార్లంటే ఆయనకు ఇష్టమట. ఓమహాలో 1958లో 31,500 డాలర్లకు కొన్న ఇంట్లోనే ఇప్పటికీ ఉంటున్న మనిషి కదా, ఇదీ ఆయన పొదుపు కథల్లో ఒకటని చాలామంది అక్కడితో వదిలేస్తారు. నాకు మాత్రం ఇందులో పొదుపు కన్నా పరిశీలన ఎక్కువ కనిపిస్తుంది. వడగళ్లు కారు పైకప్పునూ బానెట్‌నూ పాడుచేస్తాయి కానీ ఇంజిన్ జోలికీ గేర్‌బాక్సు జోలికీ పోవు. ధర పడిపోయిన మాట నిజమే, పడిపోయిన కారణం మాత్రం బండి నడకకు అడ్డం కాదు.

ఆ కారణం తెలుసుకోవడానికి అమెరికాలో ఒక మంచి ఏర్పాటు ఉంది. 1981 నుంచి అక్కడ ప్రతి వాహనానికీ అక్షరాలూ అంకెలూ కలిపి 17 స్థానాల గుర్తింపు సంఖ్య ఉంటోంది. ఒకటీ సున్నాలతో పొరబడకుండా అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. కారు చేతులు మారినా, తనిఖీకి వెళ్లినా, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కు వచ్చినా, వేలంలోకి చేరినా ఈ సంఖ్య కింద ఎక్కడో ఒకచోట నమోదవుతుంది. చెల్లాచెదురుగా ఉన్న ఆ నమోదులన్నీ తెచ్చి తేదీల వరుసలో పెడితే అదే కారు చరిత్ర రిపోర్టు. స్థలం కొనే ముందు మనం ఈసీ తీయించుకున్నట్టు, అక్కడివాళ్లు పాత కారు కొనే ముందు దీన్ని తీయించుకుంటారు.

ఇది పుట్టింది మోసం మీద పోరాటంగా. మీటరు వెనక్కి తిప్పి లక్ష మైళ్ల బండిని నలభై వేల మైళ్ల బండిగా అమ్మడం అక్కడ పాత వ్యాపారమే. 1972లో ఫెడరల్ చట్టం దాన్ని నిషేధించింది. కానీ దొంగను పట్టుకోవాలంటే పాత లెక్క చేతిలో ఉండాలి కదా. మిస్సోరీ రాష్ట్రంలోని కొలంబియాలో 1984లో మొదలైన కార్‌ఫ్యాక్స్ సంస్థ చేసిన పని అదే. యాజమాన్యం మారిన ప్రతిసారీ రాసిన మైళ్లను పక్కపక్కన పెట్టింది. పోయినసారి కన్నా ఈసారి మైళ్లు తగ్గాయంటే ఎవరో చెయ్యి పెట్టారన్నమాట. మోసం అంతటితో ఆగిపోలేదు. తప్పుడు మీటర్లతో ఏటా 4,50,000కు పైగా వాహనాలు అమ్ముడవుతున్నాయని అక్కడి జాతీయ రహదారి భద్రతా సంస్థ అంచనా.

వరద కార్ల కథ ఇంకా దారుణం. 2005లో కత్రినా తుపానుకు లక్షల కార్లు నీట మునిగాయి. బాగుచేస్తే గిట్టదని ఇన్సూరెన్స్ కంపెనీ తేల్చిన కారు యాజమాన్య పత్రం మీద ‘సాల్వేజ్’ అనో ‘వరద’ అనో ముద్ర పడుతుంది. ఈ ముద్రల నియమాలు రాష్ట్రానికొక రకం. దాంతో కారును నియమాలు సడలిన మరో రాష్ట్రానికి తరలించి, ముద్ర లేని కొత్త పత్రం సంపాదించి, కడిగి, సీట్లు మార్చి అమ్మేవాళ్లు తయారయ్యారు. ఇలాంటి మోసాన్ని అడ్డుకోవడానికి 1992 నాటి చట్టం ఆధారంగా ఏర్పడిన జాతీయ సమాచార వ్యవస్థ 2009లో కొనుగోలుదారులకు అందుబాటులోకి వచ్చింది. ఇన్సూరెన్స్ కంపెనీలూ తుక్కు యార్డులూ దానికి వివరాలు ఇచ్చి తీరాలి. మనిషి ప్రాణంతో ముడిపడ్డ విషయమిది. నీరు తాగిన వైరింగు ఏడాది తర్వాత హైవే మీద మొరాయించవచ్చు, ఎయిర్‌బ్యాగ్ అవసరమైన క్షణంలో తెరుచుకోకపోవచ్చు.

అయితే రిపోర్టులో మచ్చ లేదంటే కారుకు దెబ్బ తగల్లేదని కాదు, తగిలిన దెబ్బ ఎవరూ నమోదు చేయలేదని కూడా కావచ్చు. పోలీసులకూ ఇన్సూరెన్స్‌కూ చెప్పకుండా చేతి డబ్బుతో చేయించుకున్న రిపేరు ఏ రికార్డులోకీ ఎక్కదు. అందుకే సీటు బెల్టును చివరిదాకా లాగి బురద చారలున్నాయేమో చూడాలి, సీటు కింది బోల్టులకు తుప్పు పట్టిందేమో చూడాలి, అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్ చేత కారును పైకెత్తించి చూపించాలి.

కారు మీద ఖర్చు తగ్గించుకునే సంపన్నుడు బఫెట్ ఒక్కరే కాదు. థామస్ స్టాన్లీ, విలియం డాంకో 1996లో అమెరికన్ మిలియనీర్ల అలవాట్ల మీద ఒక పుస్తకం తెచ్చారు. వాళ్లు మాట్లాడిన మిలియనీర్లలో మూడో వంతుకు పైగా పాత వాహనాలు కొనే అలవాటున్నవాళ్లు. సగం మంది జీవితంలో ఏ కారుకూ 30,000 డాలర్లు దాటి పెట్టలేదు. వాల్‌మార్ట్ స్థాపకుడు శామ్ వాల్టన్ నడిపిన 1979 ఫోర్డ్ ఎఫ్-150 పికప్ బెంటన్‌విల్‌లోని ఆ సంస్థ మ్యూజియంలోకి చేరింది.

ఇవన్నీ చెప్పి, పాత కారు కొంటే ధనవంతులవుతారని తీర్మానించడం అన్యాయం. బఫెట్ కొన్న కారు దారిలో ఆగిపోతే మరునాడు ఇంకొకటి వస్తుంది. డాలస్‌కో షికాగోకో ఎంఎస్‌కు వెళ్లి, పార్ట్ టైం జీతం దాచి ఆరేడు వేల డాలర్లకు పాత కరోలా కొనే మన కుర్రాడికి ఆ వెసులుబాటు లేదు. గేర్‌బాక్సు పోతే అతని సెమిస్టరే తలకిందులవుతుంది. నిజానికి ఆ రిపోర్టు అవసరం కోటీశ్వరుడి కన్నా అతనికే ఎక్కువ. రిపోర్టుకూ మెకానిక్‌కూ కలిపి రెండొందల డాలర్లు ఎందుకు దండగ అని స్నేహితులు అన్నా వినకూడదు. దొంగిలించిన కారా, సాల్వేజ్ కారా అన్నది ఇన్సూరెన్స్ నేరాల మీద పనిచేసే ఎన్‌ఐసీబీ వెబ్‌సైట్ ఉచితంగానే చెబుతుంది. కంపెనీ వెనక్కి పిలిచిన లోపాలేమైనా మిగిలి ఉన్నాయేమో రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లోనూ ఉచితంగా చూడొచ్చు.

మన దగ్గర పరిస్థితి వేరు. ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ తేదీ, ఎన్నో యజమాని, ఫైనాన్స్ ఉందా లేదా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా అన్నవి తెలుస్తాయి. ప్రమాదాలూ ముంపూ అందులో ఉండవు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో మునిగిన కార్ల ఆర్‌సీల మీద ఆ సంగతి ఎక్కడా కనిపించదు. అలాంటప్పుడు అక్కరకొచ్చే కాగితాలు రెండున్నాయి. ఒకటి, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఆ బండి నంబరు మీద ఉన్న సర్వీస్ రికార్డు. రెండోది పాత ఇన్సూరెన్స్ పాలసీలు. క్లెయిమ్ లేని ఏడాదికి 20 శాతంతో మొదలై, వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతానికి చేరే నో క్లెయిమ్ బోనస్ సొంత డ్యామేజీ కవరున్న పాలసీ మీద రాసి ఉంటుంది. మూడేళ్ల పాలసీలు వరుసగా అడిగి తీసుకుని చూడండి. 35 శాతం ఉన్నది మరుసటి పాలసీలో సున్నా అయిందంటే, ఆ మధ్య ఏడాదిలో క్లెయిమ్ అయిందా అని అడగాలి, అయిందంటే రిపేరు బిల్లు చూపించమనాలి.