‘ప్రొటెక్టివ్’ అంటే కాపాడటమా, కాపలా కాయడమా?

ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయిని మొన్న స్కూల్ ట్రిప్‌కి పంపనన్నాను. “అమ్మా, నువ్వు మరీ ఓవర్ ప్రొటెక్టివ్!” అని ముఖం ముడుచుకుంది. టెక్సాస్‌కి వచ్చి పద్నాలుగేళ్లయింది. ఆ మాట గురించి ఆలోచించడం అదే మొదటిసారి.

రోజూ వినే మాటే. సైకిల్ తొక్కేటప్పుడు పెట్టుకునే హెల్మెట్ ప్రొటెక్టివ్ గేర్. చెల్లెల్ని ఎవరైనా ఏడిపిస్తే అడ్డం నిలబడే అన్నయ్య ప్రొటెక్టివ్ బ్రదర్. ఎవరి గురించో చెప్పాలంటే ‘ప్రొటెక్టివ్ ఆఫ్’ అనాలి. ముందు ‘ఓవర్’ చేరితే మెప్పు కాస్తా ఫిర్యాదవుతుంది.

మాకు తెలిసిన ఒక అమ్మాయి హెచ్-4 వీసా మీద వచ్చింది. “నా విషయంలో మా ఆయన చాలా ప్రొటెక్టివ్ అక్కా” అని మురిసిపోయేది. పాస్‌పోర్టు ఆయన దగ్గరే. ఫోన్ ఆయనే చూస్తాడు. ఒంటరిగా గుడికి కూడా పంపడు. ఒకరోజు ఆమె చేతి మీద కమిలిన మచ్చ చూశాను. “ఇది ప్రొటెక్టివ్ కాదమ్మా” అన్నాను. ఏడ్చేసింది.

ఇదే మాటకు కోర్టులో ఇంకో రూపం ఉందని ఆమెకు తెలియదు. టెక్సాస్, వర్జీనియాల్లో దాన్ని ‘ప్రొటెక్టివ్ ఆర్డర్’ అంటారు. కాలిఫోర్నియాలో ‘రెస్ట్రెయినింగ్ ఆర్డర్’, న్యూయార్క్‌లో ‘ఆర్డర్ ఆఫ్ ప్రొటెక్షన్’. హింసించే వ్యక్తి దగ్గరికి రాకూడదని జడ్జి ఇచ్చే ఉత్తర్వు అది. మీరితే అరెస్టు చేయవచ్చు. అడగడానికి గ్రీన్‌కార్డు, సిటిజన్‌షిప్ అక్కర్లేదు. టెక్సాస్‌లో బాధితులకు ఫీజు కూడా లేదు.

సాయం చేసేవాళ్లూ ఉన్నారు. న్యూజెర్సీలో 1985లో మొదలైన ‘మానవి’, బే ఏరియాలో 1991 నుంచి ఉన్న ‘మైత్రి’ దక్షిణాసియా మహిళలకు అండగా నిలుస్తున్నాయి. జాతీయ గృహహింస హాట్‌లైన్ 1-800-799-7233కి రాత్రీపగలూ ఫోన్ చేయొచ్చు. ఇంగ్లిష్ రాకపోతే దుబాసీని అడగొచ్చు. ప్రాణాపాయమైతే వెంటనే 911.

కంటికి రెప్పలా చూసుకోవడం అంటాం మనం. దుమ్ము పడేటప్పుడు రెప్ప మూసుకుంటుంది, తర్వాత తెరుచుకుంటుంది. ఎప్పుడూ మూసే ఉంటే కన్నుండీ ఏం లాభం? ఎదుటివాళ్ల క్షేమం కోసం చేసేది ప్రొటెక్టివ్. మన భయం కోసమో, పెత్తనం కోసమో చేసేది కాదు.

ఆ అమ్మాయి ఇప్పుడు వాళ్ల అక్క దగ్గర క్షేమంగా ఉంది. మా అమ్మాయి ట్రిప్ ఫారం మీద సంతకం పెట్టేశాను. ఫోన్ చార్జర్ మాత్రం రెండుసార్లు గుర్తుచేశాను!