గర్భిణికి వేడినీళ్ల స్నానం: భయమెంత, వాస్తవమెంత?

కవాడిగూడ: నెల తప్పిందని తెలిసిన మరునాటి నుంచే ఇంట్లో పెద్దల ఆంక్షలు మొదలవుతాయి. బొప్పాయి ముట్టరాదు, బరువులెత్తరాదు, వేడినీళ్లు పోసుకోరాదు. ఒంటికి వేడి చేసి కడుపు జారిపోతుందన్నది అత్తగారి హెచ్చరిక. నడుం నొప్పితో అల్లాడే కోడలికేమో సాయంత్రం వేళ నాలుగు చెంబుల వెచ్చని నీళ్లు పడితే గానీ ప్రాణం కుదుటపడదు. కవాడిగూడ, భోలక్‌పూర్, దోమలగూడ ప్రాంతాల వారికి ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రి కూతవేటు దూరంలోనే ఉంది. అయినా ఇంత చిన్న విషయం డాక్టరమ్మను ఏమడుగుతామని సంకోచించే గర్భిణులే ఎక్కువ.

గోరువెచ్చని నీటితో స్నానం చేస్తే గర్భానికి ముప్పు లేదన్నది వైద్యుల మాట. ముప్పు ఉన్నదల్లా శరీరం లోపలి ఉష్ణోగ్రత బాగా పెరిగినప్పుడే. మనిషి శరీరపు సాధారణ ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీల సెల్సియస్. అది 39 డిగ్రీలు, అంటే థర్మామీటరులో 102.2 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి కొంతసేపు అలాగే నిలిస్తే, ముఖ్యంగా తొలి వారాల్లో, పిండానికి హాని కలిగే అవకాశం ఉంది. పిండంలో మెదడు, వెన్నుపాము ఒక సన్నని నాళం నుంచి ఏర్పడతాయి. గర్భధారణ జరిగిన 28 రోజుల లోపే ఆ నాళం మూసుకుపోతుంది. అప్పటికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతే సరిగా తెలియదు. నాళం పూర్తిగా మూసుకోకుంటే బిడ్డ వెన్నులోనో, మెదడులోనో లోపంతో పుడుతుంది. ఈ లోపాలను నివారించేందుకే గర్భం దాల్చకముందు నుంచీ, తొలి మూడు నెలల పాటూ రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోవాలని సూచిస్తారు.

అమెరికాలో 1992లో వెలువడిన ఒక అధ్యయనం తొలి వారాల్లో హాట్ టబ్ వాడిన గర్భిణుల శిశువుల్లో ఇటువంటి లోపాలు ఎక్కువగా ఉన్నాయని తేల్చింది. 2003లో కాలిఫోర్నియాలో జరిగిన మరో అధ్యయనం హాట్ టబ్ వాడకానికీ గర్భస్రావానికీ సంబంధం ఉన్నట్లు పేర్కొంది. పెద్దల భయానికి ఇవి బలం చేకూర్చేవిగానే కనిపిస్తాయి. అయితే అక్కడి హాట్ టబ్‌కూ, మన బకెట్టుకూ పోలిక లేదు.

హాట్ టబ్‌లో యంత్రం నీటిని దాదాపు 40 డిగ్రీల వద్దే నిలిపి ఉంచుతుంది. మనిషి మెడ వరకు అందులో మునిగి అరగంటో, ముప్పావుగంటో కూర్చుంటారు. చుట్టూ ఉన్న నీరు ఒంటికంటే వేడిగా ఉండడంతో శరీరం తన వేడిని బయటకు పంపుకోలేదు. చెమట ఆరే వీలు కూడా ఉండదు. చెంబు స్నానంలో జరిగేది వేరు. పోసుకున్న నీళ్లు క్షణంలో జారిపోతాయి. తడిసిన ఒంటి మీద గాలి తగిలి తేమ ఆవిరవుతూ వేడిని వెంట తీసుకుపోతుంది. బకెట్టులోని నీళ్లు కూడా నిమిష నిమిషానికీ చల్లారుతాయి. ఒకటి రెండు బకెట్లతో పది నిమిషాల్లో ముగిసే స్నానంతో లోపలి ఉష్ణోగ్రత 39 డిగ్రీలకు చేరడం దాదాపు అసాధ్యం.

టబ్బు స్నానం మాటకొస్తే, అప్పటివరకు జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి 2019లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఒక సమీక్ష ప్రచురించింది. 40 డిగ్రీల నీటిలో 20 నిమిషాల వరకు కూర్చున్నా గర్భిణుల ఉష్ణోగ్రత ప్రమాదస్థాయి దాటలేదని అందులో తేలింది. పరిశీలించిన గర్భిణుల సంఖ్య మాత్రం తక్కువే. అందువల్ల తొలి మూడు నెలల్లో హోటళ్లలోని హాట్ టబ్‌లు, బ్యూటీపార్లర్లలోని స్టీమ్ బాత్‌లకు దూరంగా ఉండడమే మేలు.

జ్వరాన్ని ఉపేక్షించరాదు

ఇంతకూ గర్భిణి శరీరాన్ని 39 డిగ్రీలు దాటించేది మన దగ్గర చాలావరకు జ్వరమే. వానాకాలంలో నగరంలో డెంగీ, మలేరియా, వైరల్ జ్వరాలు ఏటా వచ్చేవే. వేడినీళ్లకు అంతగా భయపడే ఇళ్లలోనే, 102 డిగ్రీల జ్వరంతో మూలుగుతున్న గర్భిణికి మాత్ర వేస్తే బిడ్డకు చేటని నాలుగు దుప్పట్లు కప్పి పడుకోబెట్టడం విడ్డూరం. దుప్పట్లు తీసివేసి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, నీళ్లు ఎక్కువగా తాగించి, ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. గర్భిణుల జ్వరానికి వైద్యులు సాధారణంగా ఇచ్చేది పారాసెటమాల్. ఇతర నొప్పి మాత్రలను మందుల దుకాణంలో అడిగి తెచ్చుకుని వేసుకోరాదు. డెంగీలో అవి తల్లికీ ప్రమాదకరమే.

స్నానాల గదిలో పొంచి ఉన్నవి

నీటి వేడి కంటే స్నానాల గది వల్ల కలిగే ప్రమాదాలే ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడు రక్తనాళాలు సడలి రక్తపోటు కొంత తగ్గుతుంది. వేడినీళ్లు వాటిని మరింత సడలిస్తాయి. పీట మీద నుంచి దిగ్గున లేవగానే కళ్లు తిరిగి పడిపోవడం అందువల్లనే. నెలలు నిండిన కొద్దీ పొట్ట బరువు ముందుకు లాగుతుంది కనుక తూలితే నిలదొక్కుకోవడం కష్టం. తలంటు రోజున నూనె జారిన గచ్చు మరీ ప్రమాదం. ఎత్తయిన స్టూలు మీద కూర్చుని పోసుకోవాలి. తలుపు దగ్గరగా వేసుకోవాలే తప్ప లోపల గడియ పెట్టుకోరాదు.

గ్యాస్ గీజర్ల సంగతి ఇంకా తీవ్రమైనది. ఇరుకైన గదిలో కిటికీ మూసి గ్యాస్ గీజరు వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. రక్తంలో ఆమ్లజని చేరవలసిన చోటును అది ఆక్రమిస్తుంది. కడుపులోని బిడ్డ రక్తాన్ని తల్లి రక్తం కంటే గట్టిగా పట్టుకుని, విడవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం దాని లక్షణాలు. గర్భిణి విషయంలో వీటిని వేవిళ్లుగా పొరబడి ఊరుకునే ప్రమాదం ఉంది. స్నానం చేసిన ప్రతిసారీ ఈ బాధ కనిపిస్తూ, బయటి గాలి తగలగానే తగ్గిపోతుంటే గీజరును అనుమానించాలి. గ్యాస్ గీజరును గది వెలుపలే బిగించాలి. లేదా నీళ్లు ముందుగా పట్టుకుని, దానిని ఆపి, గది తలుపు తెరిచి గాలి ఆడనిచ్చాకే లోపలికి వెళ్లాలి.

బకెట్టులో హీటర్ రాడ్ పెట్టేవారు స్విచ్ ఆపి, ప్లగ్ తీసేంతవరకు నీటిని తాకరాదు. కరెంటు గీజరు నీళ్లు 60 డిగ్రీల వరకు వేడెక్కగలవు. ఆ నీళ్లు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాల్చివేస్తాయి. ముందు చన్నీళ్లు పట్టి, తరువాత వేడినీళ్లు కలిపి, మోచేతితో తాకి చూసుకోవాలి. మోచేతికి హాయిగా ఉంటే ఒంటికీ హాయే.

ఉమ్మనీరు పోయినా, రక్తస్రావం కనిపించినా స్నానం ముగించుకుని వెళ్దామని జాప్యం చేయక వెంటనే 108కు ఫోన్ చేయాలి.

కాన్పు తరువాత వావిలాకు వేసి కాచిన నీళ్లతో బాలింతకు స్నానం చేయించడం మన ఇళ్లలో ఆనవాయితీ. ఒళ్లు నొప్పులకు అది హాయినిచ్చేదే. ఆపరేషన్ అయినవారికి మాత్రం ఎప్పటి నుంచి పోయవచ్చో ఆసుపత్రి నుంచి పంపేటప్పుడే అడిగి తెలుసుకోవాలి. కుట్ల మీద కాగే నీళ్లు ధారగా పోయరాదు. స్నానమయ్యాక కుట్లున్న చోటును మెత్తని పొడిగుడ్డతో అద్ది ఆరబెట్టాలి.