స్నానాలగదిలో కనిపించని విషం

స్నానానికి వెళ్ళిన పిల్ల అరగంటైనా బయటికి రాదు. పిలిస్తే పలకదు. తలుపు పగలగొట్టి చూస్తే స్పృహ తప్పి పడివుంటుంది. మూర్ఛ కాబోలంటారు ఒకరు. గుండె జబ్బేమోనంటారు మరొకరు. గోడకున్న గ్యాస్ గీజరు మీదికి మాత్రం ఎవరి దృష్టీ పోదు.

మీ ఇంట్లోనూ గ్యాస్ గీజరు స్నానాలగదిలోనే ఉందా? అయితే ఈ సంగతి మీరు తప్పక తెలుసుకోవాలి.

గ్యాస్ మండడానికి ప్రాణవాయువు కావాలి. చలికని తలుపూ కిటికీ బిగించుకున్న చిన్న గదిలో అది త్వరగా తగ్గిపోతుంది. అప్పుడు గ్యాస్ సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దీనికి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. దాంతో మెదడుకు, గుండెకు ప్రాణవాయువు అందదు. మొదట తలనొప్పి, తలతిరగడం, వికారం; ఆ తరువాత కాళ్ళలో సత్తువ పోతుంది. కేకవేసే ఓపిక కూడా ఉండదు. గర్భిణులకు, పసిపిల్లలకు, గుండె జబ్బున్నవారికి ముప్పు మరీ ఎక్కువ.

"మేం సిలిండరు బయటే పెట్టాం కదా!" అని చాలామంది ధైర్యంగా ఉంటారు. అది పొరపాటు. ఈ విషం పుట్టేది సిలిండరులో కాదు, మంట దగ్గర. మంట గదిలో ఉంటే ప్రమాదమూ గదిలోనే.

అందుచేత మంట లేకుండా నీళ్ళు కాచుకోవడమే మేలు. ఎండ బాగా తగిలే డాబా ఉంటే సోలార్ హీటరు పెట్టించండి. ముసురు రోజులకోసం అందులో కరెంటు కాయిలు కూడా ఉండేట్టు చూసుకోండి. అద్దె ఇంట్లో ఉన్నవారికి కరెంటు గీజరు చాలు. 15 లీటర్ల నీళ్ళను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాచడానికి సుమారు ముప్పాతిక యూనిట్ కరెంటు సరిపోతుంది.

వీటికీ జాగ్రత్తలు లేకపోలేదు. ఎర్తింగు సరిగా ఉండాలి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. బాగా ఎండకాసిన రోజు సోలార్ నీళ్ళు ఒళ్ళు కాలేంత వేడిగా వస్తాయి. బక్కెట్లో ముందు చన్నీళ్ళు పట్టి, ఆ తరువాతే వేణ్ణీళ్ళు కలపండి. ఆ కుళాయి దగ్గర పిల్లల్ని ఒంటరిగా వదలవద్దు.

వెంటనే మార్చలేకపోతే, పని తెలిసినవారి చేత గ్యాస్ గీజరును బయటి గోడకు పెట్టించి, గొట్టం ద్వారా నీళ్ళు లోపలికి తెచ్చుకోండి. అంతవరకు తలుపూ కిటికీ తెరిచి బక్కెట్లు నింపుకోండి. గీజరు ఆపి, గదిలో గాలి మారాకే స్నానానికి వెళ్ళండి.

ఎవరైనా పడిపోతే తలుపులు తెరిచి, గీజరు ఆపి, మనిషిని ఆరుబయటికి చేర్చండి. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. గ్యాస్ గీజరు సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. వేలికి తగిలించే మామూలు ఆక్సీమీటరు ఈ విషాన్ని పట్టలేదు. అందులో అంకె బాగుందని ఊరుకోవద్దు.

చలికాలం వచ్చేదాకా ఆగకండి. ముందే ఈ ఏర్పాటు చేసుకోండి.