నాపరాళ్ల గదిలో పంబ మోత

రెంటచింతలలో మే నెల. ఎండకు పేరుమోసిన ఊరు. అలాంటిచోట మేడమీది గదిలో తలుపులూ కిటికీలూ మూసి, ఫ్యాను కూడా ఆపేసి పాట పాడమంటే... పాడేవాళ్లకు చెమట, రికార్డు చేసేవాళ్లకు కంగారు. ఫ్యాను తిరిగితే దాని రొద మైకులో పడుతుంది. ఆపితే రెండో చరణానికల్లా గొంతు ఆరిపోతుంది. పల్నాడులో ఇంట్లోనే స్టూడియో పెట్టుకోవాలనుకునేవారి మొదటి పేచీ కంప్యూటర్‌తో కాదు, ఎండతో!

రెండో పేచీ కాళ్లకిందే ఉంటుంది. నాపరాళ్లు పరిచిన నేల, నున్నగా పూత పూసిన గోడలు కాపురానికి హాయి. మైకుకు మాత్రం అవి అద్దాల్లాంటివి. పడిన శబ్దాన్ని పడినట్టే తిప్పికొడతాయి. ఒక్కసారి చప్పట్లు కొట్టి చూస్తే చాలు, తెలిసిపోతుంది. పదడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య దాదాపు 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం పోగుపడి గుంయ్‌మంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఎర్తింగు సరిగా లేకపోతే దాని గుర్రు కూడా ఆ పక్కనే చేరుతుంది. దూది పరుపులు, బొంతలు గోడలకు వేలాడదీస్తే సన్నని గలగల తగ్గుతుంది. పత్తి పండే సీమలో వాటికేం కొదవ! కానీ అడుగు మోతను బొంత ఆపలేదు. మైకును మూలలకు, గోడలకు దూరంగా జరపాల్సిందే.

మైకుసెట్టు నుంచి మౌస్ దాకా

1947లో గోవిందరాజుల సుబ్బారావు, కన్నాంబ నటించిన 'పల్నాటి యుద్ధం' వచ్చేనాటికి సినిమా పాటంటే మద్రాసే. పాడేవాళ్లూ వాయించేవాళ్లూ ఒకేసారి కానివ్వాలి. ఒక్కరు తప్పినా మళ్లీ మొదటికే. 1957లో అమెరికా గిటారిస్టు లెస్ పాల్ కోసం యాంపెక్స్ కంపెనీ ఎనిమిది ట్రాకుల టేపు యంత్రాన్ని తయారుచేసింది. ఒక్కో వాద్యాన్ని ఒక్కో దారిలో విడిగా నింపుకోవడం అలా మొదలైంది. 1992లో ఎలెసిస్ 'ఎడాట్' యంత్రం వీడియో క్యాసెట్ మీదే ఎనిమిది డిజిటల్ ట్రాకులు నింపింది. 1996లో వచ్చిన క్యూబేస్ వీఎస్‌టీ లాంటి సాఫ్ట్‌వేర్లతో ఆ పని మామూలు కంప్యూటర్‌లోకి దిగిపోయింది.

మరి మిక్సర్? అది మనకు కొత్తేమీ కాదు. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల దగ్గర, పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా పక్కన వరసగా నాబ్‌లతో కనిపించే పెట్టె అదే. ఇంట్లో స్టూడియో పెట్టుకునేవాళ్లకు ఇలాంటి పాత మిక్సర్ చేతికందితే దాన్ని సౌండ్‌కార్డుకు తగిలించి చూడాలనిపించడం సహజం.

అందులోని ఈక్వలైజర్ కూడా పాత చుట్టమే. టేప్‌రికార్డర్ మీద బాస్, ట్రెబుల్ తిప్పని ఇల్లుందా? వాటి వెనకున్న సర్క్యూట్‌ను బ్రిటిష్ ఇంజినీరు పీటర్ బాక్సండాల్ 1952లో 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో ప్రకటించాడు. చిన్న మిక్సర్లలో సాధారణంగా 80 హెర్ట్జ్ దగ్గర అడుగు మోతకు ఒకటి, రెండున్నర వేల హెర్ట్జ్ దగ్గర మాట స్పష్టతకు ఒకటి, 12 వేల దగ్గర తళుకుకు ఒకటి నాబ్‌లుంటాయి. కంప్యూటర్‌లోనూ ఇవన్నీ ఉన్నాయి, ఇంకా సూక్ష్మంగా. అయినా తెరమీది గీతను మౌస్‌తో లాగడం వేరు, కళ్లు మూసుకుని నాబ్ తిప్పుతూ వినడం వేరు. అనలాగ్ ధ్వనిలో ఏదో మహత్తు ఉందని చెప్పేవాళ్లు కొంత ఎక్కువే చెబుతారనుకోండి. చెవి మీద ధ్యాస నిలవడం మాత్రం అబద్ధం కాదు.

ముందా, తర్వాతా?

అసలు చిక్కు ఇక్కడుంది. ఈక్వలైజర్ తిప్పి రికార్డు చేయాలా, రికార్డు చేశాక తిప్పాలా?

ముందే తిప్పితే ఆ మార్పు ఫైల్లో నాటుకుపోతుంది. కోసేసిన మోత సరిగ్గా ఉన్నది ఉన్నట్టు తిరిగిరాదు. కారెంపూడి వీరుల గుడి దగ్గర, నాగులేరు ఒడ్డున, ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు జరుగుతాయి. అక్కడ పల్నాటి వీరుల కథ పాడే వీరవిద్యావంతులను ఇలాంటి గదిలో కూర్చోబెట్టారనుకుందాం. గొంతుకు ఒక మైకు, పంబకు ఒకటి, తిత్తి శ్రుతికి ఒకటి. గొంతు మైకు మీద 80 హెర్ట్జ్ కింద కోసేస్తే నష్టం లేదు. మనిషి గొంతు అంత లోతుకు దాదాపు దిగదు, పోయేది గుర్రే. అదే మీట పంబ మైకు మీదా నొక్కితే? ఆ దెబ్బలోని దమ్మే పోతుంది. మిగిలేది డబ్బా మోత.

పోనీ, ఒక్కొక్కరినీ విడిగా పాడించి, వాయించి తర్వాత కలుపుకుంటే సరిపోదా? సినిమా పాటకు సరిపోతుంది. కథకు సరిపోదు. పాడేవాడి ఊపును బట్టి పంబ, పంబ ఉరవడిని బట్టి పాట నడుస్తాయి. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి బాలచంద్రుణ్ని యుద్ధానికి పంపమంటే ఆయన కదలడు! అందరూ కలిసి కూర్చోవాలి. అప్పుడు పంబ మోత గొంతు మైకులోకీ జొరబడుతుంది. గొంతులో స్పష్టత కోసం ఒక నాబ్ పెంచితే దాంట్లోని పంబ కూడా గలగలమంటుంది. అందుకే మైకు నోటికి ఎంత దగ్గర ఉందో, పక్క వాద్యానికి కనీసం మూడింతల దూరంలో ఉండాలంటారు.

మధ్యేమార్గం ఒకటుంది. చాలా మిక్సర్లలో వెనక ఉండే ఇన్సర్ట్ రంధ్రం ఈక్వలైజర్‌కు ముందే శబ్దాన్ని బయటికిస్తుంది. అక్కడినుంచి తీస్తే మైకు విన్నది విన్నట్టే కంప్యూటర్‌కు చేరుతుంది. 24 బిట్లలో, ఎర్రదీపానికి బాగా కిందే ఉంచి నింపుకోవాలి. టేపు కాస్త మితిమీరినా మెత్తగా సర్దుకుంటుంది. డిజిటల్ హద్దు దాటితే పరపరమని చిరిగిపోతుంది. తర్వాత తీరిగ్గా ఒక్కో ట్రాకునూ మిక్సర్‌లోకి వదిలి, నాబ్‌లతో సరిచేసి, ఆ కలయికను మళ్లీ కంప్యూటర్‌లోకి పట్టుకోవచ్చు. గంట కథకు గంట పడుతుంది, తొందరపడితే కుదరదు.

అందులోనూ ఒక ఉచ్చు ఉంది. ఒక్క ట్రాకునే అలా తిప్పితెస్తే కొన్ని మిల్లీ సెకన్లు వెనకబడి వస్తుంది. 5 మిల్లీ సెకన్లు ఆలస్యమైతే, రెండు మైకుల్లోనూ పడిన ఒకే పంబ దెబ్బ 100 హెర్ట్జ్ దగ్గర తనను తానే మింగేసుకుంటుంది. పంబ పల్చబడిందని బాస్ నాబ్ ఎంత పెంచినా లాభం ఉండదు. తెరమీద ఆ ట్రాకును వెనకబడినంతా ముందుకు జరపాలి, అంతే.

టేపులో మిగిలిన గొంతు

ఇంత జాగ్రత్త దేనికంటే, ఈ కథ ఎప్పుడూ ఒకేలా పాడరు. 1970వ దశకంలో అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ పల్నాడు వచ్చి అలిసెట్టి గాలెయ్య పాడిన కథను టేపు మీదికి ఎక్కించుకున్నారు. ఆ గానమే ఆధారంగా 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి 'ది ఎపిక్ ఆఫ్ పల్నాడు' పుస్తకం వచ్చింది. అనువాదంలో కథ ఉంటుంది. గాలెయ్య ఎక్కడ ఊపిరి బిగబట్టాడో, పంబ ఎక్కడ ఉరిమిందో కాగితం చెప్పలేదు. టేపే చెప్పాలి.

అందుకే పని తెలిసినవాళ్లు ఈక్వలైజర్ తగలని అసలు ఫైళ్లను రెండుచోట్ల దాస్తారు. పాడినవారి పేరు, ఊరు, తేదీ, కథాభాగం రాసిపెడతారు. మిక్సర్ తన నాబ్‌లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోదు కాబట్టి వాటిని తెల్లకాగితం మీద గీసుకుంటారు, లేదా ఫొటో తీసుకుంటారు. కథ ముగిశాక కూడా ఒక నిమిషం ఎవరూ కదలకుండా ఖాళీ గది చప్పుణ్ని పట్టుకుంటారు, తర్వాత గుర్రు తీసేయడానికి అదే కొలత. ఆ నిమిషం కూడా అయ్యాక, అప్పుడు వేస్తారు ఫ్యాను.