కుట్టించే ముందు గుడ్డ తడిపారా?

జాకెట్టు గుడ్డ కొనగానే తిన్నగా దర్జీకి ఇచ్చేస్తాం. పండగ దగ్గర పడిందంటే ఇక చెప్పనే అక్కర్లేదు. అతను కొలతలు సరిగ్గానే తీస్తాడు, సరిగ్గానే కుడతాడు. మొదటి ఉతుకు కాగానే చేతులు బిగిసిపోతాయి, హుక్కులు పట్టవు. తిట్లు మాత్రం దర్జీకి! పాపం, తప్పు అతనిది కాదండీ, తడపని గుడ్డది.

మగ్గం మీద నిలువు పోగుల్ని, అంటే పడుగుని, బాగా బిగలాగి నేస్తారు. నీళ్ళు తగలగానే నూలు పోగు ఉబ్బుతుంది, ఆ బిగువు సడలి గుడ్డ కుంచించుకుపోతుంది. అందుకే సాధారణంగా వెడల్పుకంటే పొడుగే ఎక్కువ తగ్గుతుంది. నూటికి అయిదు వంతులు తగ్గే గుడ్డయితే మీటరుకి 5 సెంటీమీటర్లు పోయినట్టే. పాదాల దాకా ఉండాల్సిన లంగా చీర కింద పైకెక్కి కూచుంటుంది.

అసలు చిక్కల్లా రెండు రకాల గుడ్డలు కలిపి కుట్టే చోట వస్తుంది. పాలియెస్టర్ చీరకి నూలు ఫాల్ వేశారనుకోండి. ఉతికితే చీర కదలదు, ఫాల్ కుంచించుకుపోతుంది. కుచ్చిళ్ళ దగ్గర అంచంతా ముడతలు పడుతుంది. ఎంత ఇస్త్రీ చేసినా అవి పోవు, ఫాల్ విప్పి మళ్ళీ కుట్టుకోవాల్సిందే. జాకెట్టు లైనింగు సంగతీ ఇంతే. మిగతావాటికి బద్ధకించినా, ఈ రెంటినీ మాత్రం తడపకుండా కుట్టించకండి.

తడపడమంటే బకెట్లో ముంచి తీసేయడం కాదు. కత్తిరించిన అంచుల్ని పెద్ద పెద్ద కుట్లు వేసి, పోగులు లేవకుండా చేసుకుని, కొన్ని గంటలు నాననివ్వండి. కుట్టాక ఎలా ఉతుకుతారో ఇప్పుడూ అలాగే ఉతకాలి. పసిపిల్లల గౌన్లు వేడి నీళ్ళలో ఉతికే అలవాటుంటే ఆ గుడ్డని వేడి నీళ్ళలోనే నానబెట్టండి. మెలిపెట్టి పిండకుండా నీడన ఆరేసి, కాస్త చెమ్మ ఉండగానే సాగదీయకుండా ఇస్త్రీ చెయ్యండి. పట్టునీ జరీనీ మాత్రం ఇలా నానబెట్టకండి.

ముదురు రంగుల్ని విడిగా నానెయ్యాలి. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందని చాలామంది నమ్మకం. అద్దకం సరిగ్గా లేని గుడ్డని గుప్పెడు ఉప్పు బాగుచెయ్యలేదు. తడిపిన తెల్ల గుడ్డతో ఓ మూల రుద్ది చూస్తే సంగతి తెలిసిపోతుంది. రంగు అంటితే దాన్ని తెల్ల జాకెట్టుకి పైపింగుగా వాడకండి.

గుడ్డ అంచు మీద ‘శాన్‌ఫరైజ్డ్’ అని ముద్ర ఉంటే, అది మిల్లులోనే ముందుగా కుదించిన గుడ్డ. అమెరికాలో శాన్‌ఫర్డ్ క్లూయెట్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతి ఇది. ఆ పేరూ ఆయనదే. అది తగ్గడం బహు స్వల్పం.

ఎక్కువ గుడ్డ కొనాల్సి వస్తే ముందు కొంచెం తెచ్చి, 25 సెంటీమీటర్ల చదరపు ముక్క కత్తిరించి తడిపి ఆరేసి కొలవండి. ఒక సెంటీమీటరు తగ్గిందంటే నూటికి నాలుగు వంతులన్నమాట. ఆ లెక్కన గుడ్డ ఎక్కువ తీసుకోండి. దర్జీకి ఇచ్చేటప్పుడు “ఇది తడిపిన గుడ్డేనయ్యా” అని చెప్పడం మరచిపోకండి. లేకపోతే తగ్గుతుందేమోనని అతను వదులుగా కుట్టి పెడతాడు.