స్లీవ్ తర్వాత మళ్లీ బరువు: రెండో ఆపరేషన్ ఎవరికి?

ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 120 కిలోలు ఉన్న ఒకాయన బెంగళూరులో బరువు తగ్గించే స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నారనుకుందాం. ఏడాదిన్నరలో 82 కిలోలకు దిగారు. వదులైపోయిన బట్టలన్నీ పంచిపెట్టేశారు. నాలుగో ఏడు వచ్చేసరికి 88, ఐదో ఏడుకి 94. ఇంట్లోవాళ్లు ‘అంత డబ్బు పోసి...’ అని మాట సగంలో మింగేస్తారు. మారతహళ్లి ఆఫీసులో పక్క సీటాయన ‘రివిజన్ చేయించేసుకోండి సార్, ఇప్పుడు మామూలే’ అని తేల్చేస్తాడు. రివిజన్ అంటే ఆ రెండో ఆపరేషనే. తేల్చేసే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి.

పెరిగిన 12 కిలోల్లో ఎంత మామూలు, ఎంత కాదు అన్నది మొదటి ప్రశ్న. బరువు తగ్గించే ఆపరేషన్లను ఎక్కువ కాలం వెంబడించి చూసిన అధ్యయనాల్లో స్వీడన్‌ది పేరున్నది. 2007లో వచ్చిన దాని లెక్కల ప్రకారం బైపాస్ (పొట్టను కోసి రెండుగా వేరుచేసి, చిన్న భాగాన్ని పేగుకు కలిపే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం తగ్గారు. పదేళ్లకు ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. అంటే 120 కిలోల మనిషి 82కి దిగి, మెల్లగా 90కి రావడం అక్కడి సగటే. ఆకలిని పెంచి ఖర్చును తగ్గించి, పోయిన బరువును వెనక్కి రాబట్టుకోవాలని శరీరం చూస్తూనే ఉంటుంది. ఆపరేషన్ దాని చేతులు కొంతవరకే కట్టగలదు. ఈ సంగతి మొదటి ఆపరేషన్‌కు ముందు చెబితే సగం మందికి తర్వాతి దిగులు ఉండేది కాదేమో. ‘ముందు, తర్వాత’ ఫొటోలన్నీ ఏడాదిన్నర దగ్గర తీసినవే మరి.

మామూలుకు గీత ఎక్కడ గీయాలన్న దానిపై ఈ ఆపరేషన్లు చేసే శస్త్రవైద్యుల అంతర్జాతీయ సమాఖ్య 2024లో ఒక ఒప్పందానికి వచ్చింది. మొత్తం బరువులో 20 శాతం కూడా తగ్గకపోతే ఆపరేషన్‌కు స్పందన చాలలేదన్నట్టు. తగ్గిన బరువులో 30 శాతం కంటే ఎక్కువ తిరిగొస్తే, లేదా అదుపులోకి వచ్చిన షుగరు, బీపీ లాంటివి మళ్లీ ముదిరితే, పరిస్థితి దిగజారినట్టు. మన ఉదాహరణలో తగ్గింది 38 కిలోలు. అందులో 30 శాతమంటే 11.4. కనుక 94 దగ్గర ఆయన గీతను కాస్త దాటారు. దాటారు కాబట్టి కత్తి పెట్టాలని ఎక్కడా లేదు. కారణం వెతకాలని మాత్రమే.

ఆ వెతుకులాట తిండి దగ్గర మొదలవుతుంది గానీ, అది నేరవిచారణలా సాగకూడదు. స్లీవ్‌లో పొట్టలో మూడు వంతులకు పైగా కోసి తీసేసి, అరటికాయంత గొట్టం మిగులుస్తారు. ఆ గొట్టానికి ఒక గుణం ఉంది. గట్టి చికెన్ ముక్క, పప్పు ముద్ద, చపాతీ నాలుగు ముద్దలకే అడ్డుపడి ‘చాలు’ అనిపిస్తాయి. పెరుగన్నం, ఉప్మా, ఐస్‌క్రీమ్, నోట్లో కరిగే కారప్పూస జారిపోతాయి. కష్టంగా దిగేదాన్ని మానేసి సులభంగా దిగేదానికి అలవాటు పడటం మనిషి సహజం. రోజంతా కొంచెం కొంచెం నోట్లో వేసుకుంటుంటే ఏ పూటా కడుపు నిండా తిన్నట్టు ఉండదు, లెక్క మాత్రం పెరిగిపోతుంది. ఇది పట్టుకోవడానికి వారం రోజుల తిండి చిట్టా, ఓపికున్న డైటీషియన్ చాలు.

తర్వాత మందుల సంచీ విప్పాలి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, స్టెరాయిడ్లు, ఓలాంజపిన్, వాల్ప్రోయేట్, అమిట్రిప్టిలిన్, మిర్టజపిన్ బరువు పెంచగలవు. వీటిలో కొన్నిటికి బదులు వేరేవి ఉన్నాయి. అయితే రాసిన డాక్టరుతో మాట్లాడకుండా ఏదీ ఆపకూడదు. థైరాయిడ్ పరీక్ష, నిద్రలో గురక, మానసిక కుంగుబాటు, మద్యం కూడా చూడాలి. బైపాస్ తర్వాత మద్యం రక్తంలోకి వేగంగా చేరుతుంది, కొందరికి కొత్తగా వ్యసనమవుతుంది.

చివరగా పొట్ట నిర్మాణం. ఇది ఊహతో తేలేది కాదు. ఎండోస్కోపీ, మందు తాగించి తీసే ఎక్స్‌రే, అవసరమైతే సీటీ. గొట్టం సాగిందా, పైభాగంలో కోయకుండా వదిలేసిన సంచీ ఏమైనా మిగిలిందా, ఛాతీలోకి జారి హెర్నియా అయిందా అన్నవి వీటిలో కనిపిస్తాయి. బైపాస్ అయినవాళ్లలోనైతే పొట్టకూ పేగుకూ వేసిన కలయిక వెడల్పైందా, కోసి వేరుచేసిన రెండు పొట్టల మధ్య మళ్లీ దారి పడిందా అని చూస్తారు. ఈ పరీక్షలు లేకుండా, తూకం యంత్రం అంకె ఒక్కటి చూసి రివిజన్ తేదీ ఇచ్చే చోటు నుంచి లేచి వచ్చేయడమే మంచిదని నా అభిప్రాయం.

రెండో ఆపరేషన్ నిజంగా అక్కరకొచ్చే సందర్భం ఒకటుంది. అది బరువు గురించి కాదు. స్లీవ్ గొట్టంలో ఒత్తిడి ఎక్కువ. ఆమ్లం పైకి తన్నుతుంది. పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట, పడుకుంటే గొంతులోకి నీళ్లు రావడం, రాత్రి దగ్గు. ఫిన్లాండ్‌లో స్లీవ్‌నూ బైపాస్‌నూ పోల్చుతూ 240 మందిని పదేళ్లు చూశారు. 2022లో వచ్చిన ఫలితాల్లో అన్నవాహిక ఒరుసుకుపోవడం స్లీవ్ వాళ్లలో 31 శాతం, బైపాస్ వాళ్లలో 7 శాతం. మందులకు లొంగని ఇలాంటి మంటకు స్లీవ్‌ను బైపాస్‌గా మార్చడం మంచి చికిత్స. ఎక్కువమందికి ఉపశమనం దొరుకుతుంది. ‘గ్యాసే కదా’ అని ఏళ్ల తరబడి పాంటాప్రజోల్ మింగుతూ ఎండోస్కోపీ వాయిదా వేయడమే ఇక్కడ ప్రమాదం. అన్నవాహిక లోపలి పొర మారి క్యాన్సర్‌కు దారితీసే బారెట్స్ అనే స్థితి బయటి లక్షణాలను బట్టి తెలియదు.

కేవలం బరువు కోసమైతే లెక్క వేరు. స్లీవ్ నుంచి మామూలు బైపాస్‌కు మారితే మంట తగ్గినంత బాగా బరువు తగ్గదు. మొదటిసారి చూసిన 38 కిలోలు రెండోసారి చూడాలనుకుంటే నిరాశే. బరువు ఎక్కువ తగ్గించే మార్గాలూ ఉన్నాయి. మన దేశంలో ఎక్కువగా చేసే మినీ బైపాస్, స్పెయిన్ వైద్యులు 2007లో ప్రవేశపెట్టిన సాడీ, అంతకంటే పాత డుయోడెనల్ స్విచ్. ఇవన్నీ పేగులో ఎక్కువ భాగాన్ని తిండికి దూరం చేస్తాయి. ఎంత దూరం చేస్తే అంత బరువు తగ్గుతుంది, అంత పోషకం కూడా పోతుంది. మినీ బైపాస్‌లో పైత్యరసం పైకి వచ్చే ఇబ్బంది ఉంది కనుక, మంటతో బాధపడేవాళ్లకు అది సరిపోకపోవచ్చు. సాగిన స్లీవ్‌నే మళ్లీ సన్నగా కోయడం వినడానికి సులువు. కానీ ఒత్తిడి పెరిగి మంట ఎక్కువయ్యే అవకాశం ఉంది, ఫలితం నిలవడమూ కష్టం. బైపాస్ కలయిక వెడల్పైన చోట ఎండోస్కోపీతోనే కుట్లు వేసి బిగించవచ్చు. ప్రమాదం తక్కువ, ఫలితమూ దానికి తగ్గట్టే.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. స్లీవ్ మొదట్లో సగం ఆపరేషన్. 2000 ప్రాంతంలో, బాగా లావుగా ఉన్నవాళ్లకు డుయోడెనల్ స్విచ్ మొత్తం ఒకేసారి చేయడం ప్రమాదమని, ముందు పొట్ట మాత్రం కోసి, కొంత తగ్గాక పేగు పని చేద్దామనుకున్నారు. మొదటి సగంతోనే చాలామంది బాగా తగ్గడంతో అదే పూర్తి ఆపరేషన్‌గా స్థిరపడింది. కనుక 180 కిలోలతో స్లీవ్ చేయించుకున్న మనిషికి రెండో మెట్టు అవసరమైతే అది ఆయన ఓటమి కాదు, మొదటి పథకంలోనే ఉన్న పని. 100 కిలోలతో మొదలుపెట్టిన మనిషిది ఆ కథ కాదు.

ప్రమాదం సంగతి. మొదటిసారి కోసిన చోట కణజాలం అతుక్కుని, మచ్చకట్టి ఉంటుంది. రక్తప్రసరణ మునుపటిలా ఉండదు. ఒకసారి కుట్టి విప్పిన రవికెను మళ్లీ కుట్టినట్టు, సూది దిగే చోటల్లా గుడ్డ బలం తగ్గి ఉంటుంది. అందుకే లీక్, రక్తస్రావం, ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉండటం రివిజన్‌లో మొదటిసారి కంటే ఎక్కువ. ఎంత ఎక్కువన్నది సర్జన్ అనుభవాన్ని బట్టి ఉంటుంది. ‘మీరు చేసిన స్లీవ్‌లు ఎన్ని’ అని కాకుండా ‘మీరు చేసిన రివిజన్లు ఎన్ని, వాటిలో లీక్‌లు ఎన్ని’ అని అడగండి. మొహమాటపడే ప్రశ్న కాదది. రక్తహీనత ఉన్నవాళ్లు, శాకాహారులు, పిల్లల కోసం చూస్తున్న ఆడవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఆలోచించాలి. ఐరన్, బీ12, విటమిన్ డీ, అల్బుమిన్ ముందే తక్కువగా ఉంటే పేగును దూరం చేసే ఆపరేషన్ ఆ లోటును పెంచుతుంది. ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం వద్దంటారు. ఆ కాలం మీ ఇంటి లెక్కలో పట్టాలి.

ఇప్పుడు మధ్యలో ఇంకో దారి వచ్చింది. బరువు తగ్గించే ఇంజెక్షన్లు మౌంజారో 2025 మార్చిలో, వెగోవి అదే ఏడాది జూన్‌లో మన మార్కెట్లోకి వచ్చాయి. ఆపరేషన్ సరిగా పనిచేయని 70 మందిలో కొందరికి లండన్‌లో లిరాగ్లుటైడ్ అనే పాత తరం ఇంజెక్షన్, మిగిలినవాళ్లకు ఉత్తుత్తి మందు ఇచ్చి చూశారు. 24 వారాల్లో మందు తీసుకున్నవాళ్లు సగటున 8.8 శాతం తగ్గారు, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లు 0.5 శాతం. 94 కిలోల మనిషికి అది 8 కిలోల పైమాట. నిర్మాణంలో లోపం లేకుండా బరువు మాత్రమే పెరిగినవాళ్లు కత్తికి ముందు ఇలాంటి ఇంజెక్షన్‌ను ప్రయత్నించడం నాకు సబబుగా తోస్తుంది. మందు ఆపితే బరువు తిరిగొస్తుందన్నది తెలిసిందే. ఖర్చూ నెలనెలా ఉంటుంది. వాంతులు, పోషకలోపం ఉన్నవాళ్లకు ఇది తగదు. ఈ మందు మీద ఉండి ఎండోస్కోపీకో ఆపరేషన్‌కో వెళితే మత్తు డాక్టరుకు తప్పక చెప్పాలి, పొట్ట ఖాళీ అవడం ఆలస్యమవుతుంది.

ఇక బెంగళూరులో తిరగాల్సిన తిరుగుళ్లు. మొదటి ఆపరేషన్ నోట్సు సంపాదించండి. ఉత్త డిశ్చార్జి సమ్మరీ చాలదు. ఏ ఆపరేషన్, ఎంత పేగు వదిలారు, ఏ స్టేప్లర్లు వాడారు అన్నవన్నీ కొత్త సర్జన్‌కు కావాలి. వైద్యుల ప్రవర్తనా నియమావళి, 2002 ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులు మూడేళ్లు ఉంచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. మన ఉదాహరణలోని ఆయనకు ఐదేళ్లు దాటాయి, ఫైలు దొరికితే అదృష్టం. ఆపరేషన్ అయి రెండేళ్లైనవాళ్లు ఈ వారమే అడిగి తెచ్చుకోవడం మేలు, రివిజన్ ఆలోచన లేకపోయినా.

అలాగే కొవ్వు తీసే కాస్మెటిక్ చికిత్సను రివిజన్‌కు బదులుగా ఎవరైనా సూచిస్తే ఒప్పుకోకండి. 2022 మే నెలలో బెంగళూరులో 21 ఏళ్ల కన్నడ టీవీ నటి చేతనా రాజ్ చనిపోయింది అలాంటి చికిత్స తర్వాతే. 2015 జూన్‌లో న్యూజెర్సీలో సినీ నటి ఆర్తి అగర్వాల్ చనిపోయినప్పుడూ కొద్ది వారాల ముందు లైపోసక్షన్ జరిగిందని వార్తలొచ్చాయి. లైపోసక్షన్ చర్మం కింది కొవ్వును తీస్తుంది. ఆకలినీ షుగరునూ ముట్టుకోదు.

డబ్బు విషయంలో ఒక వింత ఉంది. ఆసియా వాసుల్లో బీఎంఐ 27.5 దాటితే ఆపరేషన్ సూచించవచ్చని 2022 అంతర్జాతీయ మార్గదర్శకాలు అంటాయి. బీమా కంపెనీలు మాత్రం బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఖరారు చేసిన భాషను చూస్తాయి: బీఎంఐ 40, లేదా 35తో పాటు గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులేని షుగరు లాంటిది. 94 కిలోల దగ్గర మన మనిషి బీఎంఐ 33.3. డాక్టరు కళ్లకు అర్హుడు, బీమా కళ్లకు కాదు. కానీ మందులకు లొంగని మంట, కలయిక దగ్గర పుండు, దారి మూసుకుపోవడం వేరే జబ్బులు. అలాంటి కారణం ఉంటే దాన్ని, ఎండోస్కోపీ నివేదికతో సహా, ముందస్తు అనుమతి దరఖాస్తులో స్పష్టంగా రాయించండి. కంపెనీ జవాబు కాగితం మీద వచ్చాకే అడ్వాన్సు కట్టండి.

హిందూపురం, అనంతపురం, మదనపల్లె నుంచి వచ్చి ఆపరేషన్ చేయించుకుని తిరిగి వెళ్లేవాళ్లకు ఇంకో మాట. ఊళ్లో వాంతులు మొదలై ఏమీ నిలవకపోతే, ముందు పిలిచేది దగ్గర్లోని ఆర్‌ఎంపీనే. ఆయన గ్లూకోజు సీసా ఎక్కిస్తాడు. బరువు తగ్గించే ఆపరేషన్ అయి, రోజుల తరబడి వాంతులైన రోగిలో థయమిన్, అంటే బీ1, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. నడక తూలడం, చూపు రెండుగా కనిపించడం, మాట తడబడటం దాని గుర్తులు. ఒళ్లునొప్పులకు ఇచ్చే డైక్లోఫెనాక్ బైపాస్ కలయిక దగ్గర పుండు పెట్టగలదు. అందుకని డిశ్చార్జి రోజునే, ఏ ఆపరేషన్ జరిగిందో, గ్లూకోజుకు ముందు థయమిన్ ఇవ్వాలనీ, ఏ నొప్పి మాత్రలు ఇవ్వకూడదో, రాత్రివేళ ఎవరికి ఫోన్ చేయాలో తెలుగులో ఒక కార్డు మీద రాయించి, ఒకటి జేబులో, ఒకటి ఇంట్లోవాళ్ల దగ్గర ఉంచండి.